మా ఆయన సంకల్పబలం

మా ఆయన జన్మలో ఒక్క మందుబిళ్ళ మింగలేదు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పారు. జలుబు చేస్తే ఆవిరి పట్టుకుంటారు. తలనొప్పి వస్తే నా మీద అరుస్తారు. రెండూ తగ్గిపోతాయి. మా తమ్ముడు ఏడు గళ్ళ డబ్బాలో వారానికి సరిపడా బిళ్ళలు సర్దుకుని మా ఇంటికి వస్తే, "ఏమోయ్ బావమరిదీ, సంచార మందుల కొట్టేమైనా పెట్టావా?" అని వాడు భోజనం చేసి లేచేదాకా వదలరు.

రెండేళ్ళ క్రితం వాళ్ళ ఆఫీసులో అందరికీ వైద్యపరీక్షలు చేశారు. ఈయనకి రక్తపోటు ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరు రోజుకొక బిళ్ళ రాశాడు. మా ఆయన ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న భోజనాల బల్ల కాలు కింద దోపారు.

"నడకతో తగ్గించి చూపిస్తాను. మనిషికి ఉండవలసింది సంకల్పబలం," అన్నారు.

ఆయన ఆఫీసుకి వెళ్ళగానే బల్ల ఎత్తి చీటీ తీసుకున్నాను. దాని చోట పాత కరెంటు బిల్లు దోపాను. బల్ల కుంటలేదు, ఆయనకి అనుమానం రాలేదు.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున ఆయన కాఫీలో ఒక బిళ్ళ సంకల్పబలం కలుపుతున్నాను. చిన్న రోట్లో మెత్తగా నూరి గ్లాసు అడుగున వేసి, పైన ఒక చెంచా పంచదార ఎక్కువ. మొదటి వారం, "కాఫీ చేదుగా ఉందేమిటోయ్?" అన్నారు. "పొడి మారిందండీ," అన్నాను. అబద్ధమేమీ కాదు. నెల తిరిగేసరికి రక్తపోటు దారికొచ్చింది. పక్కవాటా వాళ్ళ మిషను అరువు తెచ్చి, అంకెలు కాగితం మీద రాసి, మా తమ్ముడికి ఫోన్ చేసి మరీ చదివి వినిపించారు. నేను పక్కనే కూర్చుని బటానీలు ఒలుస్తున్నాను.

నేను డిగ్రీలో చదివింది రసాయనశాస్త్రం. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆ చదువు దేనికైనా పనికొచ్చిందంటే దీనికే.

ఆయన ఉద్యోగం కరెంటు మీటర్ల తనిఖీ. పాత భవనాల్లో మెట్ల కింద, చీకటి మూలల్లో ఉండే మీటరు పెట్టెలు తెరిచి చూడాలి. మనుషులు వాటిని తెరవరు కనుక కందిరీగలు అక్కడ నిశ్చింతగా కాపురాలు పెడతాయి. రెండు నెలల క్రితం ఒక పెట్టె మూత లాగగానే మూడు కుట్టాయి. ఇదివరకూ కుట్టాయి, దులుపుకుని వచ్చేవారు. ఈసారి అయిదు నిమిషాల్లో మొహం వాచి, ఊపిరి అందక, మెట్ల మీదే పడిపోయారు. ఆ భవనంలో వాళ్ళెవరో చూసి ఆసుపత్రికి చేర్చారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి గండం గడిచింది. అక్కడి డాక్టరు చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు: "ఎందుకోనమ్మా, మామూలుగా ఒక ఇంజెక్షన్‌తో లేచి కూర్చుంటారు. ఈయన రెండింటికి కూడా ఒక పట్టాన లొంగలేదు."

"మొండి మనిషండీ," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఆ తర్వాత ఆఫీసువాళ్ళు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేశారు. చర్మం మీద ఎలర్జీ పరీక్ష చేయించుకుని, డాక్టరు సంతకంతో కాగితం తెస్తేనే మళ్ళీ మీటర్ల దగ్గరికి పంపుతామన్నారు. రోజుకి నాలుగు వందల మెట్లెక్కే మనిషి పొద్దున్నుంచి సాయంత్రందాకా ఫ్యాను కింద కూర్చుని, ఇంటికొచ్చి ఆ కోపమంతా తలుపుల మీద చూపించేవారు. ఆ కాగితం కోసమే పరీక్షకి ఒప్పుకున్నారు.

పరీక్షకి పదిరోజుల ముందు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎలర్జీ బిళ్ళలు, జలుబు బిళ్ళలు వాడుతుంటే మానేయాలట. "మానడానికి వేసుకుంటేగా!" అని మా ఆయన ఫోన్ పెట్టేశారు. నాకు మాత్రం కాస్త గుచ్చుకుంది. మందుల షాపాయన్ని అడిగాను. "ఇవి ఎలర్జీవి కాదమ్మా, బీపీవి," అన్నాడు. సరే, ఆ జాబితాలో లేదు కదా అనుకున్నాను. పరీక్ష రోజు పొద్దున కూడా కాఫీ ఎప్పటిలాగే కలిపాను.

మూడో అంతస్తులో సన్నటి గది. ఎత్తయిన మంచం, ఆకుపచ్చ తెర, స్పిరిటు వాసన. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. మంచం పక్కన చక్రాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రెండు సిరంజిలు, చిన్న మందు సీసాలు, ప్లాస్టిక్ గొట్టాలు పెట్టారు. దాని వెనక నల్లటి ఆక్సిజన్ సిలిండరు, పిలవని చుట్టంలా నిలబడి ఉంది.

అక్కడి నర్సు యాభై దాటిన మనిషి, లావుపాటిది, గొంతు పెద్దది. ఆవిడ మెడలో తాడుకి టమాటా ఆకారంలో ఒక గంట వేలాడుతోంది. తిప్పి పెడితే ఇన్ని నిమిషాలకని మోగే రకం. మా వంటింట్లో ఉన్నదీ అదే. అక్కడ మోగితే గుడ్లు ఉడికినట్టు. ఇక్కడ మోగితే ఏమిటో.

"ఇవన్నీ దేనికమ్మా?" అని మా ఆయన బల్లవైపు చూపించారు.

"మీకోసమేనండీ."

"నాకెందుకు? నాలుగు చుక్కలు పెట్టి చూస్తారన్నారుగా."

"గొడుగు తీసుకెళ్తే వాన పడదంటారు చూశారా, అందుకు," అని నర్సు కాగితం తీసింది. "ఆయాసం, ఉబ్బసం ఉన్నాయా?"

"లేవు."

"గుండెజబ్బు?"

"గుండె గట్టిది. కావాలంటే ఈవిడనడుగు."

"రోజూ వాడే మందులేమైనా?"

"జన్మలో ఒక్క బిళ్ళ మింగలేదమ్మా."

"బీపీ బిళ్ళ?"

"బీపీ ఉండేది. నడకతో తగ్గించాను. సంకల్పబలం."

నర్సు కలం ఆపి నావైపు చూసింది. భర్తలు చెప్పిన జవాబుల్ని భార్యల మొహాల్లో సరిచూసుకోవడం ఆవిడకి అలవాటు కాబోలు.

"అంతేనా అమ్మా?"

ఆ కాగితం ఆయన ఉద్యోగం. ఆ జవాబు ఆయన పరువు. నోరు విప్పితే రేపటినుంచి నా చేతి నీళ్ళు కూడా తాగరు. బిళ్ళ ఎలాగూ ఎలర్జీది కాదు.

"అంతేనండీ," అన్నాను.

ఆవిడ 'లేవు' అని రాసి, కింద గీత గీసింది. తర్వాత నాడి పట్టుకుని గడియారం చూసింది. కనుబొమలు లేచాయి.

"యాభై రెండు! ఈ వయసులో ఇంత నెమ్మదా? ఆటలేమైనా ఆడేవారా?"

"మెట్లు తల్లీ, మెట్లు," అన్నారు మా ఆయన, ఛాతీ కాస్త పెంచి. "ఆటగాళ్ళకి అలాగే ఉంటుందిట. విన్నావుటోయ్?"

విన్నాను. ఆ నాడి ఏ మైదానంలోంచి వచ్చిందో నాకు తెలుసు.

డాక్టరమ్మ వచ్చింది. సన్నటి పిల్ల, కళ్ళద్దాలు, తొందరలేని మాట. పరీక్ష ఎలా చేస్తారో విడమరిచి చెప్పింది. ముందు చేతిమీద చుక్కలు పెట్టి సూదిమొనతో తాకిస్తారు. ఒక చుక్క ఉత్త ఉప్పునీళ్ళు, అది పొంగకూడదు. ఒకటి తప్పకుండా పొంగవలసిన మందు, అది పొంగకపోతే పరీక్షకే విలువ లేదు. మూడోది కందిరీగ విషం. దానికేమీ కాకపోతే అదే విషాన్ని బాగా పలుచన చేసి చర్మం లోపలికి సూదితో ఎక్కిస్తారు. ఇరవై నిమిషాలు చూస్తారు. తర్వాత ఇంకొంచెం చిక్కటిది. మళ్ళీ ఇరవై నిమిషాలు. తర్వాత అన్నిటికన్నా చిక్కటిది.

"ప్రమాదమా?" అని అడిగాను.

"దద్దురు, దురద మామూలేనండీ, గంటలో పోతాయి. ఒళ్ళంతా తేడా చేయడం అరుదు. చేసినా చూసుకోవడానికి మేమున్నాం. అందుకే దీన్ని ఇంట్లో చేయరు, ఇక్కడ చేస్తారు. మాకు తెలియనిదేమీ లేకుండా ఉంటే చాలు."

ఆ చివరిమాట ఆ అమ్మాయి ఊరికే అంది.

చుక్కలు పెట్టారు. నర్సు టమాటాని తిప్పి బల్లమీద పెట్టింది. అది టిక్కుటిక్కుమంటూ మొదలుపెట్టింది. డాక్టరమ్మ పక్కగదిలో ఇంకొకరిని చూడటానికి వెళ్ళింది. మా ఆయన చెయ్యి చాపుకుని, నర్సుకి మీటర్లు తిరగేసేవాళ్ళ మోసాలు చెబుతున్నారు. "ఎంత తెలివైన దొంగైనా సరే, పెట్టె తెరిచానంటే నాకు తెలిసిపోతుందమ్మా. నా కళ్ళు కప్పినవాడు ఇంకా పుట్టలేదు."

నేను చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సంచిలో ఖాళీ అయిన బిళ్ళల అట్ట ఉంది. ఇంటికెళ్ళేదారిలో చూపించి కొత్తది కొనాలి.

"సిస్టర్," అన్నాను, తోచక అడిగినట్టు. "బీపీ బిళ్ళ గురించి అడిగారు కదా. కందిరీగకీ దానికీ ఏం సంబంధమండీ?"

"బీపీ బిళ్ళలన్నిటితోనూ కాదమ్మా. కొన్ని రకాలుంటాయి, గుండె వేగాన్ని తగ్గించేవి. అవి వేసుకునే మనిషికి ఒకవేళ ఎలర్జీ ముదిరిందనుకోండి, మేం ఇచ్చే ఇంజెక్షన్ గుండెని లేవమంటుంది. లోపలున్న ఆ బిళ్ళేమో, కూర్చో అంటుంది. ఇద్దరి కొట్లాటలో మనిషి పోతాడు. ముందే తెలిస్తే డాక్టరమ్మ ఆలోచిస్తుంది, బిళ్ళ మార్పిస్తుంది, దానికి విరుగుడు మందు వేరే ఉంది, అది తెప్పించి పెట్టుకుంటుంది."

"ఇక్కడ లేదా అది?"

"కింద అత్యవసర విభాగంలో ఉంటుంది. రోజూ కావలసింది కాదుగా."

"ఈవిడకి అన్నీ కావాలమ్మా," అన్నారు మా ఆయన. "కాలేజీలో చదివింది. నిద్రలో కూడా సందేహాలే."

నర్సు నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ డాక్టరు కనిపించాడు. *రెండింటికి కూడా ఒక పట్టాన లొంగలేదు.* మొండి మనిషండీ, అన్నాను నేను. నవ్వాను కూడా. ఒళ్ళోని చేతిసంచి ఒక్కసారిగా బరువెక్కినట్టయింది.

తేలు కుట్టిన దొంగ అరవడంటారు. మా ఇంట్లో కుట్టింది కందిరీగ, అదీ ఆయన్ని. నోరు మూసుకు కూర్చున్నది నేను.

టమాటా మోగింది. ఉప్పునీళ్ళ చుక్క అలాగే ఉంది. పొంగవలసింది శనగగింజంత పొంగింది. కందిరీగ చుక్క చదునుగా, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

"చూశారా?" అన్నారు మా ఆయన. "నా ఒంటికి ఎలర్జీ ఏమిటి?"

ఏమీ కాలేదు కదా, అనుకున్నాను. అన్నిటికన్నా పలుచటి మందు చర్మంలోకి ఎక్కించారు. టమాటా తిరిగింది. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ చెప్పాలనుకున్నాను. మాట నాలుకదాకా వచ్చేది, ఆయన మొహం చూసి వెనక్కి పోయేది. మింగలేను, కక్కలేను. టమాటా మోగింది. ఏమీ లేదు. నాకు చెమట పట్టింది.

అప్పుడు నాకు తెలిసిన విద్యే ప్రయోగించాను. గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, "ఏమండీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇవాళ్టికి చాలించి ఇంటికి పోదామండీ," అన్నాను.

"పరీక్ష నాకా, నీకా?"

"ఇంకో రోజు వద్దాం."

"ఇంకో రోజు ఇంకో సెలవు ఎవరిస్తారు? సిస్టర్, ఈవిడకి కాస్త నీళ్ళివ్వండి. సూదులు చూస్తే భయం పాపం."

నర్సు నీళ్ళు తెచ్చి, నన్ను ఫ్యాను కిందికి జరిపి, ఒక చాక్లెట్ చేతిలో పెట్టింది. ఇరవై నాలుగేళ్ళుగా పనిచేసిన నటన అవసరమైన రోజున చాక్లెట్ దగ్గర ఆగిపోయింది. డాక్టరమ్మ రెండో సూది తెచ్చి, చర్మం కింద చిన్న తెల్లటి బుడగలా ఎక్కించింది.

"ఇది కొంచెం చిక్కటిదండీ. దురద, గొంతులో తేడా, ఏదున్నా వెంటనే చెప్పండి."

టమాటా మళ్ళీ మొదలుపెట్టింది.

మొదటి అయిదు నిమిషాలు ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. ఎవరో మీటరుకి అయస్కాంతం పెట్టి పట్టుబడిన కథ, నేను వంద సార్లు విన్నదే. వందసార్లూ ఒకచోట ఆగి నవ్వుతారు. ఈసారి ఆ చోటు వచ్చింది, ఆగారు, నవ్వలేదు. చేతిమీది బుడగ చుట్టూ ఎర్రటి వలయం లేచి, చూస్తుండగానే మోచేతివైపు పాకుతోంది.

దగ్గారు. ఒక్కసారే.

"గొంతులో ఏదో గీరుతోంది," అన్నారు.

నర్సు చెయ్యి టమాటా మీదికి వెళ్ళి, దాన్ని ఆపేసింది. గదిలో హఠాత్తుగా చప్పుడు పోయింది. చెవుల దగ్గర్నుంచి ఆయన మెడమీదికి ఎర్రదనం దిగుతోంది. "డాక్టరమ్మా!" అని నర్సు కేకేసింది.

"ఆయన బిళ్ళ వేసుకుంటారు," అన్నాను.

ఎవరూ వినలేదనుకుని గట్టిగా మళ్ళీ అన్నాను. "గుండె వేగం తగ్గించే బిళ్ళ. రెండేళ్ళ నుంచి. ఇవాళ పొద్దున కూడా వేసుకున్నారు. ఆయనకి తెలీదు. నేను కాఫీలో కలుపుతున్నాను."

సంచిలోంచి ఖాళీ అట్ట తీసి చాపాను. లోపలికొస్తున్న డాక్టరమ్మ దాన్ని అందుకుని, పేరు చదివి, ఒక్క క్షణం నావైపు చూసింది. ఆ చూపుని ఎక్కడ దాచుకోవాలో నాకింకా తెలియడం లేదు.

"కిందికి ఫోన్ చేసి విరుగుడు మందు తెప్పించండి. పరిగెత్తమనండి," అంది నర్సుతో. గొంతులో అప్పుడు కూడా తొందర లేదు, చేతుల్లో ఉంది.

మంచం తలవైపు దించారు, కాళ్ళకింద దిండ్లు పెట్టారు. తొడలో ఇంజెక్షన్ పొడిచారు. పిలవని చుట్టంలా నిలబడ్డ సిలిండరు ముందుకొచ్చింది. మా ఆయన పెదవులు వాచాయి. ఛాతీలో పిల్లికూతలు. రక్తపోటు మిషను అంకెలు మెట్లు దిగుతున్నట్టు దిగుతున్నాయి. నాడి మాత్రం యాభై దగ్గరే నిమ్మళంగా కూర్చుంది. ఊరంతా తగలబడుతున్నా కదలని కాపలాదారులా. దానికలా నేర్పింది నేనే, రెండేళ్ళుగా, రోజుకొక పాఠం చొప్పున.

అయిదు నిమిషాలకి రెండో ఇంజెక్షన్. చేతికి సెలైను. అంకెలు కదల్లేదు.

ఆయన కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పైకప్పు చూడటం లేదు, డాక్టరమ్మని చూడటం లేదు. మాస్కు పైనుంచి నన్నే చూస్తున్నారు. పెట్టె తెరిచినవాడి చూపు. చేతిలో చాక్లెట్ కరిగి వేళ్ళకి అంటుకుంది, నాకు తెలియలేదు.

మెట్లమీద పరుగు వినిపించింది. ఎవరో చిన్న పెట్టె తెచ్చి ఇచ్చారు. డాక్టరమ్మ మందు కలిపి, నెమ్మదిగా నరంలోకి ఎక్కించింది. కాసేపటికి ఆయన పక్కకి తిరిగి భళ్ళున వాంతి చేసుకున్నారు. "పరవాలేదు, ఆ మందుకి వస్తుంది," అంది నర్సు, పళ్ళెం పట్టుకుని. యాభై, యాభై ఎనిమిది, అరవై ఆరు. నాడి మొదటిసారిగా నా మాట కాక ఇంకొకరి మాట వింది.

సాయంత్రానికి మనిషి తేరుకున్నారు. రేపటిదాకా అక్కడే ఉంచాలన్నారు. డాక్టరమ్మ నన్ను తెర బయటికి పిలిచింది.

"ముందే చెప్పుంటే ఇవాళ ఈ పరీక్ష మొదలుపెట్టేదాన్నే కాదండీ. అయిదు నిమిషాలు ఆలస్యంగా చెప్పుంటే..." అని ఆగింది. మిగతాది పూరించగల చదువు నాకుంది. "పరీక్షది తప్పు కాదు. మేం ప్రశ్నలడిగేది కాగితం నింపడానికి కాదు."

తల ఊపాను.

"ఇంకొకటి. ఆ బిళ్ళ ఇక వద్దు. కానీ ఒక్కసారిగా మానినా ప్రమాదమే, రక్తపోటు ఎగిరి కూర్చుంటుంది, గుండె తట్టుకోలేకపోవచ్చు. వేరే రకం రాస్తున్నాను. రేపటినుంచి రోజూ, తప్పకుండా. పాతది కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిద్దాం. కందిరీగ సంగతి తర్వాత. ఈసారి ఆయన చేతికే ఇవ్వండి. ఆయనకి తెలిసి."

లోపలికి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. వాచిన పెదవులతోనే అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"అయితే ఆ బీపీ..."

"నడక కూడా మంచిదేనండీ," అన్నాను.

చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి, దానికి కారణమైన భార్య పక్కనే ఉంటే, ఏదో ఒకటి అంటాడు. తిడితే బాగుండేది. ఆయన ఏడ్చారు. చప్పుడు లేకుండా, వీపు కదులుతూ. చచ్చిపోబోయినందుకు కాదు. మా తమ్ముడికి చదివి వినిపించిన ఆ అంకెలు తనవి కావని తెలిసినందుకు.

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. కొత్త బిళ్ళలూ, తగ్గించిన పాతవీ భోజనాల బల్ల మీద, ఉప్పు సీసా పక్కన, బాహాటంగా ఉన్నాయి. చిన్నరోలు కడిగి పై అరలో పెట్టాను. మొదటి రెండు రోజులూ ఆయన కాఫీ ఆయనే కలుపుకున్నారు. మూడోరోజు పాలు పొంగించి పొయ్యి ఆర్పేసి, "నువ్వే పెట్టు," అన్నారు. కానీ నా పక్కనే నిలబడి, చెంచా ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో చూశారు. ఇన్నాళ్ళూ పరాయి ఇళ్ళ మీటర్లు చూసిన కళ్ళవి.

బిళ్ళలు మాత్రం నా ఎదురుగానే వేసుకుంటున్నారు. చిటికెనవేలు దూరంగా పెట్టి, పురుగుని పట్టుకున్నట్టు పట్టుకుని, నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, "అయిందా? చూశావుగా?" అంటున్నారు. "చూశానండీ," అంటున్నాను. లేచి నేరుగా పెరటివైపు కొళాయి దగ్గరికి వెళ్తున్నారు. మొహం కడుక్కోవడానికట. కొళాయి చాలాసేపు పారుతోంది.

నిన్న పక్కవాటా వాళ్ళ మిషను మళ్ళీ అరువు తెచ్చాను. ఆయన నిద్రలో ఉండగా చేతికి చుట్టి చూశాను. వచ్చిన అంకె ఆయనకి చెప్పలేదు. పొద్దున తొమ్మిదికి డాక్టరమ్మ ఆసుపత్రికి రాగానే చెప్పాలని కాగితం మీద రాసుకుని, బల్ల మీదే, దాచకుండా పెట్టాను.

ఇవాళ పొద్దున కాఫీ తెచ్చి ముందు పెట్టాను. పొడి, పాలు, ఒకే ఒక చెంచా పంచదార. ఆయన బిళ్ళలు నోట్లో వేసుకున్నారు, గుటక వేసినట్టు మెడ ఎత్తారు. తర్వాత గ్లాసుని నావైపు జరిపారు.

"ముందు నువ్వు తాగు."

తాగాను. కాఫీ బాగుంది. గ్లాసు వెనక్కి జరిపాను. ఆయన నా మొహం చూస్తూ ఒక గుక్క తాగారు. మొహం చిట్లించారు.

"చేదుగా ఉంది," అన్నారు.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన కళ్ళలో, దొరికిపోయావు అన్న మెరుపు. గ్లాసు బల్లమీద పెట్టి, విజయగర్వంతో లేచి, కొళాయివైపు నడిచారు.

కాఫీలో ఏమీ లేదు. చేదు ఆయన నాలుక కింద ఉంది.